ముప్పైఎనిమిది సార్లు తప్పిపోయిన అప్పలరాజు

"ఇంతవరకూ ఈ జిల్లాలో ఎవరికి తోచినట్టు వారు తప్పిపోతున్నారు. ఒక పద్ధతి లేదు, ఒక లెక్క లేదు. ఈ రోజుతో ఆ అరాచకం ఆఖరు!" అని మంత్రి అర్జునరావుగారు ప్రకటించారు.

అప్పుడే కొట్టిన కొబ్బరికాయ నీళ్లు చెప్పుల్లోకి కారుతున్నా ఆయన కిందికి చూడలేదు. దూరం చూసే నాయకులు కిందికి చూడరు.

ఇది రెండువేల మూడు, జూన్ నెల మాట. విశాఖపట్నం పోర్టు రోడ్డులో ఎరువుల బస్తాలు దాచే పాత గోదాముకు సున్నం వేసి, లోపల నాలుగు కంప్యూటర్లు పెట్టి, బయట "తప్పిపోయినవారి గణాంక కేంద్రం" అని బోర్డు కట్టారు. ఏసీలు రెండు. అవి కంప్యూటర్ల కోసమనీ, ఫిర్యాదు ఇచ్చేవాళ్లు చల్లదనం కోసం లోపల కూర్చోరాదనీ ఇంకో బోర్డు.

"వెతకడం పాతకాలపు పద్ధతి," అన్నారు మంత్రిగారు మైకులో. "వెతికితే ఒక్కడు దొరుకుతాడు. ఎందుకు తప్పిపోతున్నారో లెక్క కడితే అసలు తప్పిపోయేవాడే ఉండడు. ఆగస్టు పదిహేనుకల్లా ఈ జిల్లాలో మిస్సింగులను సగానికి దించుతాం!"

జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకడు లేచి, "బాబూ, మా తమ్ముడు మూడు నెల్లయింది..." అన్నాడు. మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా అతన్ని ఫారం నింపమన్నారు.

ఆ కేంద్రానికి ఎదురుగా నాది టీ బడ్డీ. రోజుకు అయిదుసార్లు లోపలికి గ్లాసులు పట్టుకెళ్లేవాణ్ణి. నాకు మాట తక్కువ. మాట్లాడనివాడు గదిలో ఉన్నా లేనట్టే కనక, అక్కడ జరిగిన ఘనకార్యాలన్నీ దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. పేపర్లలో సగమే వచ్చాయి. మిగతా సగం నేను చెబుతున్నాను.

కేంద్రానికి డైరెక్టరు సాయిశంకర్‌గారు. హైదరాబాదు నుంచి వచ్చారు. గణాంకాల్లో పెద్ద చదువు. ఎవరినీ కసిరేవారు కారు, ఎందుకంటే ఎవరినీ చూసేవారు కారు. చూపంతా కాగితం మీదే. ఒకరోజు నాతో, "నేను రోజుకు నాలుగు పాయింట్ మూడు టీలు తాగుతున్నాను, తెలుసా?" అన్నారు. తెలుసు. అయిదో గ్లాసు ఆయన పూర్తిగా తాగరు.

కంప్యూటరు కొట్టే అమ్మాయి ధనశ్రీ. మధురవాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. బయట తిరిగే పనులకు హెడ్ కానిస్టేబుల్ దుర్గారావు. అతనికి ఒక జీపు ఇచ్చారు. డీజిలు ఇవ్వలేదు కనక సైకిలు మీద తిరిగేవాడు. జీపుకు రోజూ తుడిచి బొట్టు పెట్టేవాడు.

జిల్లాలోని స్టేషన్లన్నీ పాత ఫైళ్లు పంపాయి. మొత్తం నూటడెబ్బైమూడు మంది. నెల తిరక్కుండా డైరెక్టరుగారు మొదటి ఫలితాలు విడుదల చేశారు. తప్పిపోయినవారిలో నూటికి తొంభైఆరుమందిని చివరిసారి చూసింది సొంతవాళ్లేనని తేలింది. అందువల్ల మనిషి తప్పిపోవడానికి ముఖ్య కారణం చుట్టాలు. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లూ ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యం.

ఇంకో సంగతి కూడా తేలింది. ఊరి చివర ఒక స్టేషను పరిధిలో ఏడాదిగా ఒక్కరూ తప్పిపోలేదు. సున్నా. డైరెక్టరుగారు ఆ సున్నా చుట్టూ ఎర్ర సిరాతో ఇంకో సున్నా చుట్టారు.

"సార్, ఆ టేసను కప్పు కూలిపోయి ఏడాదిగా మూసీసినారు సార్," అన్నాడు దుర్గారావు. "రాయడానికి మడిసి నేడు."

"కప్పుకీ తప్పిపోవడానికీ సంబంధం ఉన్నట్టు డేటాలో లేదు," అన్నారు డైరెక్టరుగారు.

మంత్రిగారు ఆ స్టేషనుకు ఉత్తమ స్టేషను షీల్డు ప్రకటించారు. తీసుకోవడానికి ఎవరూ రాకపోతే దుర్గారావే సైకిలు మీద వెళ్లి తాళానికి తగిలించి వచ్చాడు.

ఆ తర్వాత డైరెక్టరుగారు అందరి లెక్కా కలిపి భాగించి సగటున తప్పిపోయే మనిషిని తయారుచేశారు. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, వయసు ఇరవైఏడున్నర, నూటికి అరవైఒక్క వంతు మగవాడు. అలాంటివాడు కనిపిస్తే తప్పిపోకముందే పట్టుకురమ్మని దుర్గారావును మల్కాపురం పంపించారు. రెండు రోజులు తిరిగి వచ్చి నా బల్ల మీద కూలబడ్డాడు.

"పొట్టోళ్లని సూసినాను తాతా. ఆ వయసోళ్లని సూసినాను. ఆ మిగతా ముప్పైతొమ్మిది వంతులు ఎక్కడ సూడాలో తెలక తన్నులు తినబోనాను."

ఇవన్నీ చిన్న చిన్న విజయాలు. అసలు విజయం ధనశ్రీ చేతి మీదుగా వచ్చింది. జూలై నెలలో ఒక సోమవారం పొద్దున్న ఆమె పేర్లన్నీ వరసలో పెట్టింది. పెట్టి, "సార్, ఒకసారి చూడండి," అంది.

అప్పలరాజు, తండ్రి పేరు సన్యాసి. కింద మళ్లీ అప్పలరాజు, తండ్రి సన్యాసి. అలా ముప్పైఎనిమిది.

మా వైపు సంగతి తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఇక్కడ మగపిల్లవాడు పుడితే సింహాచలం అప్పన్న దయ. కనక అప్పలరాజు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆచారం. కనక అప్పలరాజు కొడుకు సన్యాసి, సన్యాసి కొడుకు అప్పలరాజు, కొండ మీద దేవుడున్నంతకాలం అంతే. ఇంటిపేర్లు ఉన్నాయి కాబట్టి మాకు ఏ ఇబ్బందీ లేదు. డైరెక్టరుగారి ఫారంలో ఇంటిపేరుకు గడి లేదు. గడులు తగ్గితే పని వేగం పెరుగుతుందని తీసేశారు.

డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. ఆయన లేవడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఒకే మనిషి! ముప్పైఎనిమిది సార్లు!"

"కాదు సార్," అన్నాడు దుర్గారావు. "జాలారిపేట ఒడ్డున నిలబడి 'ఒరే అప్పలరాజూ' అని కేకేత్తే పదిమంది తిరుగుతారు సార్. దేవుడి పేరు సార్."

"అది మీ నమ్మకం. డేటా గుడికి వెళ్లదు. చూడు, వీడు స్టీలుప్లాంటులో ఉద్యోగం చేస్తున్నాడు, పోర్టులో మూటలు మోస్తున్నాడు, చేపలు పడుతున్నాడు, ఆటో తోలుతున్నాడు, పదో తరగతి తప్పాడు. వయసు తొమ్మిది నుంచి డెబ్బైఒకటి దాకా ఉంది. ఎంత చురుకైనవాడు! మొత్తం మిస్సింగుల్లో నూటికి ఇరవైరెండు వంతులు వీడొక్కడే!"

ఫోను వెళ్లింది. అవతల మంత్రిగారు, "అంటే ఒక్కణ్ణి పట్టుకుంటే ముప్పైఎనిమిది తగ్గుతాయన్నమాట," అన్నారట. అంత వేగంగా లెక్క కట్టే మంత్రి మనకు ఉండటం మన అదృష్టం. బుధవారం పదకొండు గంటలకు ఆ అప్పలరాజును ప్రజల ముందు నిలబెడతానని అప్పటికప్పుడే పేపర్లవాళ్లకు మాట ఇచ్చేశారు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే చిలకమ్మ వచ్చింది.

నెత్తి మీద ఖాళీ చేపల తట్ట, కాళ్లకు ఇసక. పొద్దున్నే సరుకు అమ్మేసి జాలారిపేట నుంచి నడిచి వచ్చింది. నేను లోపల గ్లాసులు ఏరుతున్నాను.

"బాబూ, మా మావ అప్పలరాజు సంద్రం మీద ఏటకెళ్లినాడు," అంది. "ఇంజను సెడిపోనాది. గాలికి బోటు కొట్టుకుపోనాది. ముగ్గుర్ని ఏరే బోటోళ్లు తెచ్చినారు, ఆళ్లలో మా మావ నేడు. టేసన్లో రాయించి ఏడు వారాలయింది. నిన్న ఐసు లారీ డ్రైవరొచ్చి సెప్పినాడు, ఒరిస్సాలో పారాదీపు ఆస్పట్లో ఒకడున్నాడంట. జొరానికి మాట పడిపోనాదంట. సేతి మీద చిలకమ్మ అని పచ్చబొట్టున్నాదంట. ఆడు మా మావే బాబూ."

"అయితే వెళ్లి తెచ్చుకో," అన్నారు డైరెక్టరుగారు కాగితంలోంచి.

"ఊరకే ఇవ్వరంట. ఈడు తప్పిపోనోడని మీ లిస్టులో ఉంటే ఆ ఉత్తరం అట్టుకురమ్మన్నారంట. ఆదివారం దాకా సూత్తారంట. ఆ తరవాత దిక్కునేనోళ్ల హోముకి పంపించెత్తారంట. అక్కణ్ణించి ఏ ఊరు తోలుతారో ఆళ్లకే తెల్దంట. ఒక్క ఉత్తరం బాబూ."

అప్పలరాజు భార్య అనగానే డైరెక్టరుగారి కళ్లు కాగితం మీంచి లేచాయి.

"నువ్వు ఎన్నో భార్యవమ్మా?"

"ఏటి బాబూ?"

ధనశ్రీ స్క్రీను చూసి చదివింది. "మల్కాపురంలో ముగ్గురు, కూర్మన్నపాలెంలో ఇద్దరు, భీమిలిలో ఒకరు..."

చిలకమ్మ తట్ట కిందికి దించింది. "ఓలమ్మో! ఆడికి నానొక్కదాన్నే ఎక్కువని పొద్దుగూకులూ ఏడిసేవోడు గదమ్మా!"

"మాటిమాటికీ ఎందుకు తప్పిపోతాడు?"

"ఒక్కసారే పోనాడు బాబూ. అదీ ఆడు పోనేదు, బోటట్టుకుపోనాది."

పాత ఫైల్లో ఖాళీగా ఉన్న కారణం గడి నింపాలి. కంప్యూటర్లో కారణాలు నాలుగే ఉన్నాయి: ప్రేమ, పరీక్ష, మతిమరుపు, అత్తగారు. "బోటు లేదు సార్," అంది ధనశ్రీ.

"నీకు అత్తగారు ఉందా?"

"ఉండేది బాబూ. సచ్చిపోయి పదేళ్లయింది."

"అత్తగారు అని వెయ్యి," అన్నారు డైరెక్టరుగారు. "అమ్మా, ఇప్పుడు నీకొక్కదానికే ఉత్తరం ఇస్తే మిగతా భార్యలకు అన్యాయం చేసినట్టవుతుంది. బుధవారం మీ ఆయన్ని పట్టుకుంటున్నాం. ఆ తర్వాత రా."

ఆమె బయటికి వచ్చి నా బడ్డీ దగ్గర నిలబడింది. టీ ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని లెక్కపెట్టుకుంది. "పారాదీపుకి పోడానికి ఒక రోజు. శుక్కురారం బండెక్కకపోతే అందదు." తర్వాత నా వంక చూసి, "నువ్వేటి తాతా, ఉలకవు పలకవు?" అంది. చల్లారిన టీ పారబోసి వేడిది పోశాను.

దుర్గారావు సోమవారం సాయంత్రం, మంగళవారం పగలంతా వెతికాడు. అప్పలరాజులు దొరక్కపోవడమనేది లేదు. పదకొండుమంది దొరికారు. కానీ అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి నా బల్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"ఇంట్లో కూకుని సద్ది తింటన్నోణ్ణి దొరికినాడని ఎలాగ రాత్తాను తాతా? ముందు తప్పిపోవాల గదా! పదకొండింటికి మినిస్టరుగోరు దిగుతారు. ఒక్క అప్పలరాజు, ఒకే ఒక్కడు కావాల. నేకపోతే నన్ను ఏజెన్సీ కొండల్లోకి తోలెత్తారు. మా పెద్దదానికి నెలలు నిండినాయి తాతా."

నాకు మాట తక్కువ. ఉన్న ఆ కాస్తా ఆ రోజు తప్పు చోట ఖర్చుపెట్టాను.

"నా పేరూ అదే," అన్నాను.

దుర్గారావు గ్లాసు దించాడు. "బాబు పేరు?"

"సన్యాసి."

"ఏ ఊరు?"

"జాలారిపేటే. వొచ్చీసి ముప్పై ఏళ్లయింది."

"సెప్పి వొచ్చినావా, సెప్పకుండా వొచ్చినావా?"

"సెప్పడానికి ఎవులున్నారు?"

"అంటే సెప్పకుండా వొచ్చీసినావు!" దుర్గారావు లేచి నన్ను కావలించుకున్నాడు. "తాతా! నువ్వు తప్పిపోనావు తాతా!"

పదకొండింటికి నా మెడలో బంతిపూల దండ పడింది. మంత్రిగారు నా భుజం మీద చెయ్యి వేసి ఫోటోలకు నిలబడ్డారు. ధనశ్రీ కంప్యూటరు కెమెరాతో నా మొహం తీసి అప్పలరాజు పేరు పక్కన అతికించింది. డైరెక్టరుగారు తల ఊపగానే ఒక మీట నొక్కింది. ముప్పైఎనిమిది వరసల్లో ఒక్కసారిగా "దొరికెను" అని పడింది. గోడ మీద తెరలో మిస్సింగుల గీత కిందికి దిగింది. గీత దిగుతుంటే మంత్రిగారి ఛాతీ లేచింది.

ఒక పత్రికవాడు అడిగాడు. "ఇతని వయసు సగటున ముప్పైనాలుగని మొన్న ప్రెస్ నోటులో ఇచ్చారు. ఈ తాతకు ఎంత?"

"అరవైఎనిమిది," అన్నాను.

"రెండుతో భాగించండి," అన్నారు డైరెక్టరుగారు.

భాగించారు. సరిపోయింది. రాసుకున్నారు.

ముప్పైఎనిమిది ఇళ్లకూ కార్డులు వెళ్లాయి. మీ అప్పలరాజు దొరికాడు, కేసు మూసేశాం, వచ్చి తీసుకెళ్లండి అని. గురువారం పొద్దున్నే రోడ్డంతా జనం. నన్ను లోపల కుర్చీలో కూర్చోబెట్టారు. లోపలికి పరుగెత్తుకెళ్లినవాళ్లు పరుగెత్తకుండా బయటికొచ్చారు. అందరికీ కేంద్రం తరఫున ఒక్కో లడ్డు ఇచ్చారు. మల్కాపురం నుంచి వచ్చిన జోగమ్మ అనే ముసలామె లడ్డు కొంగున కట్టుకుని, కొడుకు వచ్చాక ఇస్తానని వెళ్లిపోయింది.

ఎండ ముదిరాక చిలకమ్మ వచ్చింది. చేతిలో బట్టల సంచి. బండెక్కడానికి తయారై వచ్చింది.

"అభినందనలమ్మా, మీ ఆయన దొరికాడు," అన్నారు డైరెక్టరుగారు.

"ఏడీ?"

దుర్గారావు నా వైపు చూపించి తను కిటికీ వైపు చూశాడు.

చిలకమ్మ నన్ను పైనించి కిందికి చూసింది. "ఈడా! ఈడు మా మావకి తాతలాగున్నాడు గదరా నాయినా! మొన్న అడక్కుండా టీ ఇచ్చినాడు, కాదన్ను. మొగుడెలాగవుతాడు?"

"ఫోటో ఉంది, పేరుంది, తండ్రి పేరుంది," అన్నారు డైరెక్టరుగారు.

"సరే, ఈడు దొరికినాడు. మా మావ దొరకనేదు. ఆడు తప్పిపోనాడని ఉత్తరం రాసీయండి."

డైరెక్టరుగారి మొహం నొచ్చుకుంది. ఆయన నిజాయితీగల మనిషి. "దొరికినవాడు తప్పిపోయాడని సంతకం పెట్టమంటావా? ప్రభుత్వం చేత అబద్ధం ఆడిస్తావా?"

"పోనీ కొత్తగా రాసుకోండి."

"దొరికినవాణ్ణి నువ్వు ఇంకా తీసుకోలేదు. పాతది పెండింగులో ఉండగా కొత్తది కంప్యూటరు ఒప్పుకోదు. ముందు తీసుకున్నట్టు వేలిముద్ర వెయ్యి."

చిలకమ్మ గుమ్మంలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బజార్లో కొనేవాడు బేరం మొదలుపెట్టినప్పుడు చేపలమ్మేవాళ్లు మొహం అలాగే పెడతారు. కాసేపటికి లేచి, చెయ్యి చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. నా చెయ్యి పట్టుకుంది.

"పద మావా," అంది.

నన్ను గేటు దాకా నడిపించింది. గేటు దాటాక చెయ్యి వదిలేసింది. "నీ బడ్డీకి ఎల్లిపో తాతా. ఎనక్కి సూడకు."

నేను వెళ్లి స్టవ్ ముట్టించాను. ఆమె తిరిగి లోపలికి వెళ్లింది. కిటికీ తెరిచే ఉంది కనక మాటలు వినిపించాయి.

"బాబూ, మా మావ తప్పిపోనాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. గేటు కాడ. సెయ్యి ఇడిపించుకుని పోనాడు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత డైరెక్టరుగారి కేక. "ముప్పైతొమ్మిది! ధనశ్రీ, నిన్న రాత్రి నేను వేసిన అంచనా గీత బయటికి తియ్యి! మళ్లీ తప్పిపోతాడని రాశానా లేదా? చేతికి దొరికిన ఆరు నిమిషాల్లో! ఇంత ఖచ్చితమైన జోస్యం ప్రపంచంలో ఎవడైనా చెప్పాడా?"

"కారణం సార్?" అంది ధనశ్రీ.

"అత్తగారే ఎయ్యమ్మా," అంది చిలకమ్మ.

ఆ సంబరంలో డైరెక్టరుగారు ఉత్తరం మీద మూడు చోట్ల సంతకం పెట్టి, నాలుగు చోట్ల ముద్ర కొట్టారు. కంప్యూటరు దాని మీద ఫోటో కూడా అచ్చు వేసింది. నాదే. చిలకమ్మ బయటికొచ్చి అది చూసి, నన్ను చూసి, మడిచి జాకెట్లో పెట్టుకుని రైలు స్టేషను వైపు పరుగెత్తింది.

మంగళవారం మధ్యాహ్నం రిక్షా నా బడ్డీ ముందు ఆగింది. చిలకమ్మ దిగింది. వెనక మెల్లిగా ఒక సన్నటి మనిషి దిగాడు. ముప్పైనాలుగేళ్లుంటాయి. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. చేతి మీద పచ్చబొట్టు కనిపిస్తూనే ఉంది.

"తాతా, అక్కడ డాక్టరుబాబు నీ పోటో సూసినాడు, మా మావని సూసినాడు," అంది చిలకమ్మ. "'ఇది ముసలోడు, వీడు వయసోడు, ఏటిది?' అన్నాడు. అక్కడ వార్డులో మన తెలుగు మడిసి ఉన్నాడు, ఆడి సేత సెప్పించినాను. 'ఇంటికాడ ఆడు అలాగే ఉండేవోడు బాబూ, తమరి వైద్దెం, సగం వయసు తగ్గించీసినారు' అని. ఆయనెంత సంబరపడినాడనుకున్నావు! మందులు కూడా ఊరకే ఇచ్చినాడు."

మొగుడు నా టీ రెండు గుక్కలు తాగాడు. "బాగున్నాది," అన్నాడు. ఆ గొంతు వినగానే చిలకమ్మ మొహం అవతలికి తిప్పుకుంది. దారి పొడుగునా అతను ఒక్క మాటా ఆడలేదట.

ఊరికే పోకుండా, మనిషి వచ్చాడని చెప్పి లిస్టులోంచి పేరు కొట్టించేద్దామని మొగుణ్ణి లోపలికి తీసుకెళ్లింది. డైరెక్టరుగారు అతన్ని చూశారు, స్క్రీను చూశారు.

"ఫోటో కలవలేదు. ఇతను అప్పలరాజు కాడు."

"నా పెనిమిటి బాబూ."

"నీ పెనిమిటి ఇంకా తప్పిపోయే ఉన్నాడమ్మా. ధైర్యంగా ఉండు. గాలిస్తున్నాం."

"అలాగే బాబూ," అంది చిలకమ్మ. "మీకు దొరికినప్పుడు కబురెట్టండి." మొగుణ్ణి రిక్షా ఎక్కించుకుని వెళ్లిపోయింది.

అప్పలరాజు కేసు ఇచ్చిన ఉత్సాహంతో కేంద్రం పని జోరందుకుంది. సింహాచలం పేరుగల పందొమ్మిదిమందికి పక్క వీధి సైకిలు షాపు సింహాచలం దొరికాడు. నూకరాజులందరికీ దుర్గారావు బావమరిది నూకరాజు దొరికాడు. ఒక్క పేరూ కలవనివాళ్లను తండ్రి పేరుతో కలిపారు. అదీ కలవకపోతే ఎత్తుతో కలిపారు. సగానికి దించుతామన్న మంత్రిగారు ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి, చేతిలో కాగితం చూసి, తనే నమ్మలేకపోయారు.

"ఒక్కడు!" అన్నారు మైకులో. "జిల్లా మొత్తం మీద ఈ రోజుకు తప్పిపోయి ఉన్నది ఒకే ఒక్కడు! జాలారిపేట అప్పలరాజు. ఎక్కడ దాక్కున్నా ఆ ఒక్కణ్ణి వదిలేది లేదు! ఇదిగో పోస్టరు. ఊరంతా అంటిస్తున్నాం!"

పోస్టరులో నా ఫోటో పెద్దగా వచ్చింది. దండతో సహా వేశారు.

సభ అయ్యాక ట్రే పట్టుకుని వేదిక ఎక్కాను. మంత్రిగారు గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, నా మొహంలోకి చూశారు. కాస్త ఎక్కువసేపే చూశారు.

"పంచదార తగ్గించు, తాతా," అన్నారు.

మర్నాడు పొద్దున్న బడ్డీ రేకు ఎత్తేసరికి ఎదురుగా చిలకమ్మ ఉంది. నెత్తిన తట్ట, వెనక జనం. వరస మలుపు తిరిగి పోర్టు గోడ వెంట సాగింది. కొందరి చేతుల్లో పాత ఫోటోలు, అందరి చేతుల్లో ఆ కార్డు.

"ఈడే," అంది చిలకమ్మ నన్ను చూపించి. "ముందు లోపలికెళ్లి, ఈడు ముట్టినాడని వేలిముద్దరెయ్యాల. గేటు దాటినాక సెయ్యి ఇడిసీయాల. మళ్లీ ఎనక్కెళ్లి తప్పిపోనాడని రాయించాల. అప్పుడు మళ్లీ మనోళ్లు లిస్టులోకొత్తారు. లిస్టులో ఉంటేనే గదా ఎవుడైనా ఎతుకుతాడు."

అందరికన్నా ముందు జోగమ్మ ఉంది, మల్కాపురం ముసలామె. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది.

"మావోడు నల్లగుంటాడే," అంది.

"ఏటవదు అత్తా."

నేను స్టవ్ తగ్గించి లేచాను. జోగమ్మ లోపల వేలిముద్ర వేసింది. నా చెయ్యి పట్టుకుని మెల్లిగా నడిపించింది. గేటు దాటాం. చిలకమ్మ వదిలేయమని సైగ చేసింది. జోగమ్మ వదల్లేదు. ఇంకో నాలుగడుగులు నడిచింది.

"పొద్దున్న ఏటైనా తిన్నావా నాయినా?" అంది.

తిన్నానని చెప్పాను. వెనక ఇంకా ముప్పైఆరు ఇళ్లవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు.